స్టూడియో కిటికీకి ఎంత మందం గ్లాసు కావాలి?

ఇంట్లో ఒక గదిని రికార్డింగుకి మార్చుకోవాలనుకునే వాళ్ళందరూ ముందు అడిగే ప్రశ్న ఇదే. నేనూ అడిగాను, గ్లాసు షాపులో, యూపీవీసీ కిటికీలు అమ్మే చోట, తెలిసిన సౌండ్ ఇంజినీర్లని. షాపుల్లో వచ్చిన జవాబు ఒక్కటే: "డబుల్ గ్లేజింగ్ వేయించండి సార్, పిన్ డ్రాప్ సైలెన్స్." వేయించాను. అంటే ఒక అద్దం బదులు రెండు అద్దాలు, మధ్యలో కాస్త ఖాళీ. డబ్బు బాగానే అయింది. గది చల్లబడింది, ఏసీ బిల్లు కొంచెం తగ్గింది, హారన్లు కాస్త దూరం జరిగినట్టు అనిపించింది. కానీ మా వీధి చివర స్టాపులో సిటీ బస్సు ఆగితే ఆ ఇంజిన్ గుర్రుమనే మోత మాత్రం ఎప్పటిలాగే గదిలోకి వచ్చి కూర్చునేది.

నేను ఆడియోబుక్స్ చదువుతాను. ఒక వాక్యం అయిపోయి ఊపిరి తీసుకునే ఖాళీలో వేవ్‌ఫామ్ (స్క్రీన్ మీద శబ్దం గీసే బొమ్మ) సన్నటి గీతలా ఉండాలి. బస్సు ఆగినప్పుడల్లా ఆ గీత దారం నుంచి తాడంత అయ్యేది. ఎడిటింగులో నాయిస్ రిడక్షన్ వేస్తే గొంతు అడుగున ఉండే మెత్తదనం కూడా దాంతోపాటే పోయి, మాట డబ్బాలోంచి వచ్చినట్టు అయ్యేది. ఎందుకంటే ఆ మోత ఉన్న చోటే నా గొంతూ ఉంది.

మా సీనియర్ ఒకాయన ఉన్నారు, చెన్నై డబ్బింగ్ థియేటర్లలో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చినాయన. ఫోన్ చేసి, "అన్నా, గ్లాసు ఇంకా మందంది మార్చమంటారా?" అని అడిగాను. "ముందు ఒక అగరుబత్తి వెలిగించు తమ్ముడూ" అన్నారు. "ఫ్యాను, ఏసీ ఆపెయ్. కిటికీ అంచుల వెంట మెల్లగా తిప్పు. పొగ ఎక్కడ వంకర పోతుందో చూసి చెప్పు."

పొగ మూడు చోట్ల వంకరపోయింది. రెండు స్లైడింగ్ తలుపులు మధ్యలో ఒకదాన్నొకటి దాటే చోట, కింద ట్రాక్ దగ్గర నీళ్ళు పోవడానికి పెట్టిన రంధ్రాల దగ్గర, ఫ్రేముకీ గోడకీ మధ్య సిలికాన్ పైపైన పూసి వదిలేసిన ఎడమ మూలన. మధ్యలో అయితే పొగ నిటారుగా పోతున్నదల్లా ఎవరో ఊదినట్టు పక్కకి పడిపోయింది. గ్లాసు గురించి మాట్లాడే ముందు సందుల గురించి ఎందుకు మాట్లాడాలో ఆ రోజు కళ్ళారా చూశాను.

ఒక చిన్న లెక్క చూడండి. నాలుగడుగులకి నాలుగడుగుల కిటికీ అనుకుందాం. చుట్టుకొలత 16 అడుగులు. చుట్టూ ఒక్క మిల్లీమీటరు సందు ఉంటే, అదంతా ఒక చోటికి చేర్చితే సుమారు 49 చదరపు సెంటీమీటర్లు, అంటే టీ గ్లాసు దూరేంత రంధ్రం. కిటికీ మొత్తం వైశాల్యంలో అది 0.33 శాతం. సందులోంచి శబ్దం ఏమీ తగ్గకుండా వచ్చేస్తుంది కాబట్టి, మిగతా అద్దం ఎంత గొప్పదైనా ఆ కిటికీ 25 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. బంగారం పెట్టి కొన్న లామినేటెడ్ గ్లాసు (మధ్యలో జిగురుపొరతో రెండు అద్దాలు అతికించింది) వేసినా అంతే, మామూలు గ్లాసు వేసినా దాదాపు అంతే. సందు పదో వంతుకి, అంటే 0.1 ఎంఎంకి తగ్గితే ఆ హద్దు 35కి పెరుగుతుంది. గ్లాసు మార్చకుండా పది డెసిబెల్స్ వచ్చినట్టు. పది డెసిబెల్స్ తగ్గడమంటే చెవికి శబ్దం సగమైనట్టు వినిపించడం, మామూలు విషయం కాదు.

అందుకే రికార్డింగ్ గదికి స్లైడింగ్ కిటికీ పనికిరాదు. మన అపార్ట్‌మెంట్లలో బిల్డర్లు వేసే రెండు ట్రాకులు, మూడు ట్రాకుల కిటికీలన్నీ ఇవే; దోమల మెష్ కోసం మూడో ట్రాక్. తలుపు జారాలంటే వదులుండాలి, ఆ వదుల్ని బ్రష్ లాంటి పట్టీతో మూస్తారు. అది దుమ్మునే సగం ఆపుతుంది, శబ్దాన్ని ఏం ఆపుతుంది. తలుపులా తెరుచుకుని, హ్యాండిల్ తిప్పితే రెండు మూడు చోట్ల లాక్ పడి రబ్బరు గ్యాస్కెట్‌ని గట్టిగా నొక్కే ఓపెనబుల్ రకం కావాలి. అసలు తెరవక్కర్లేని కిటికీ అయితే ఫిక్స్‌డ్ ఇంకా మంచిది. గ్యాస్కెట్ నొక్కుతోందో లేదో తెలియడానికి ఒక కాగితం ముక్క మధ్యలో పెట్టి కిటికీ మూసి లాగి చూడండి. సులువుగా వచ్చేస్తే అక్కడ రబ్బరు పనిచేయట్లేదు. నాలుగు వైపులా, ముఖ్యంగా కీళ్ళున్న వైపు చూడాలి, అక్కడే ఎక్కువ వదులుంటుంది.

సరే, సందులు మూశాం. ఇప్పుడు కిటికీ గోడంత ఆపాలా? గోడంత ఎలాగూ రాదు. కానీ కిటికీ ఎంత చిన్నదైనా గోడ పరువు తీసేయగలదు. రెండువైపులా ప్లాస్టరింగు ఉన్న తొమ్మిది అంగుళాల ఇటుక గోడ సుమారు 50 డెసిబెల్స్ ఆపుతుంది, అంటే తగిలిన శబ్దశక్తిలో లక్షలో ఒక వంతే లోపలికి వస్తుంది. 30 డెసిబెల్స్ కిటికీలోంచి వెయ్యిలో ఒక వంతు వస్తుంది. ఆ కిటికీ గోడలో పదో వంతే ఉన్నా, మొత్తం గోడ 40 డెసిబెల్స్‌కి పడిపోతుంది. రద్దీ రోడ్డు పక్కన 75 డెసిబెల్స్ మామూలే, రికార్డింగు గదిలో పాతిక, ముప్పై మించకూడదు అనుకుంటే మనకి కావాల్సింది 45 నుంచి 50. కాబట్టి కిటికీ 30 దగ్గర ఉంటే పని జరగదు, 45 దరిదాపులకి తేవాలి. ఆ 45 ఒక్క అద్దంతో రాదు. ఎందుకు రాదో చూద్దాం.

ఒంటి అద్దం శబ్దాన్ని ఆపేది బరువుతో. బరువు రెట్టింపైతే సిద్ధాంతం ప్రకారం 6 డెసిబెల్స్ పెరగాలి. గాజు మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకి రెండున్నర కిలోలు తూగుతుంది, 6 ఎంఎం అయితే 15 కిలోలు, 12 ఎంఎం అయితే 30. మరి 6 నుంచి 12కి వెళ్తే ఆరు పెరగాలి కదా? యూరప్ వాళ్ళ ఈఎన్ 12758 ప్రమాణంలోని పట్టిక చూస్తే 6 ఎంఎంకి 31, 12 ఎంఎంకి 34. మూడే పెరిగింది. మిగతా మూడూ ఎక్కడ పోయాయి?

అవి పోయిన చోటు పేరు కోయిన్సిడెన్స్. 1942లో లోథర్ క్రేమర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని విడమరిచి చెప్పాడు. శబ్దం గ్లాసు మీద ఏటవాలుగా పడినప్పుడు, తరంగపు గట్లూ లోయలూ అద్దం మీద ఒక వేగంతో పరుగెడుతూ పోతాయి. అద్దంలో కూడా వంగుడు అలలు పుట్టి తమ వేగంతో పోతుంటాయి. ఏదో ఒక పౌనఃపున్యం (శబ్దం సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ లెక్క, హెర్ట్జ్‌లో చెప్తారు) దగ్గర ఈ రెండు వేగాలూ ఒకటవుతాయి. ఉయ్యాల వెనక్కి వచ్చిన క్షణానికే సరిగ్గా తోసినట్టు, శబ్దం తోసిన ప్రతి తోపూ అద్దం కదలికకి కలిసొస్తుంది. అక్కడ గ్లాసు తన బరువుకి తగ్గట్టు ఆపలేదు, గ్రాఫులో ఒక గుంట పడుతుంది. ఆ గుంట ఎక్కడ పడుతుందో తెలుసుకోవడానికి ఒక తేలిక లెక్క ఉంది: 12000ని ఎంఎంలో మందంతో భాగించండి. 4 ఎంఎంకి 3000 హెర్ట్జ్, 5 ఎంఎంకి 2400, 6కి 2000, 12కి 1000.

ఇళ్ళలో ఎక్కువగా ఉండేది 4, 5 ఎంఎం గ్లాసులు. వాటి గుంటలు మన చెవి అన్నిటికంటే చురుగ్గా వినే ప్రాంతంలో పడతాయి. స్కూటర్ హారన్‌లో ఉండే కీచుదనం, ప్రెషర్ కుక్కర్ విజిల్, గ్రైండింగ్ మిషన్ అరుపు, వీటన్నిటికీ అక్కడ బలం ఉంటుంది. కిటికీ మూసినా హారన్ సూదిలా గుచ్చుకునేది అందుకే. మందం పెంచితే గుంట పోదు, కిందికి జరుగుతుంది. 12 ఎంఎంలో వెయ్యి దగ్గరికి వచ్చి, మాట స్పష్టతకి కీలకమైన చోట కూర్చుంటుంది.

లామినేటెడ్ గ్లాసు ఈ గుంటని పూడ్చడానికి పనికొస్తుంది. రెండు అద్దాల మధ్య పీవీబీ అనే జిగురుపొర పెట్టి వేడితో, ఒత్తిడితో అతికిస్తారు. కారు ముందు అద్దం ఇదే. రాయి తగిలితే సాలెగూడులా పగులుతుంది కానీ రాలదు. అద్దం వంగబోయినప్పుడు మధ్యలో ఉన్న మెత్తటి పొర సాగి, ఆ కదలికని వేడిగా మార్చి మింగేస్తుంది. చెంచాతో తట్టి చూస్తే తెలిసిపోతుంది, మామూలు అద్దం ఖంగుమంటుంది, లామినేటెడ్ ధప్‌మని ఆగిపోతుంది. మామూలు పీవీబీ కంటే మెత్తగా తయారుచేసిన అకౌస్టిక్ పీవీబీ అని విడిగా దొరుకుతుంది, ఇక్కడ తేడా పెద్దది. మామూలు 10 ఎంఎం గ్లాసుకి 33 వస్తే, అయిదు ఎంఎం అద్దాలు రెండు అకౌస్టిక్ పొరతో కలిపిన 10.8 ఎంఎం గ్లాసుకి తయారీదారుల పట్టికల్లో 38 చుట్టూ కనిపిస్తుంది. బరువు దాదాపు అంతే.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, లామినేటెడ్ అడిగితే టఫెన్డ్ ఇవ్వడం, "ఇది ఇంకా స్ట్రాంగ్ సార్" అని. టఫెన్డ్ గ్లాసు పగలడం విషయంలోనే గట్టిది. బరువు అదే, వంగే తీరు అదే కాబట్టి శబ్దానికి మామూలు గ్లాసుకీ దానికీ తేడా లేదు. రెండోది, పొర గట్టిగా ఉంటే మంచిదనుకోవడం. గాజు మెట్లకీ, బాల్కనీ రెయిలింగులకీ వాడే గట్టి పొర ఒకటుంది, ఎస్‌జీపీ అంటారు, అది బలానికి మంచిది, శబ్దానికి కాదు. మనకి కావాల్సింది మెత్తగా సాగే పొర.

ఇక డబుల్ గ్లేజింగ్ సంగతి. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే, చాలామంది డబ్బు పోయేదీ ఇక్కడే.

షాపుల్లో డీజీయూ అని అమ్మేది రెండు అద్దాలు, మధ్యలో 12 ఎంఎం ఖాళీ, చుట్టూ సీలు. మధ్యలో వ్యాక్యూమ్ ఉంటుందని చెప్పేవాళ్ళున్నారు. ఉండదు, ఉండేది ఎండిన గాలి, కొన్నిట్లో ఆర్గాన్ వాయువు. ఇది వేడి కోసం పుట్టిన కిటికీ. వేడికి ఆ 12 ఎంఎం బాగా సరిపోతుంది, అందుకే మా గది చల్లబడింది. శబ్దానికి? ఇందాకటి యూరప్ పట్టికలోనే 6 ఎంఎం ఒంటి గ్లాసుకి 31. రెండు 6 ఎంఎం గ్లాసులతో, మధ్యలో 6 నుంచి 16 ఎంఎం ఖాళీ ఉన్న డబుల్ గ్లాసుకి? అదీ 31. గ్లాసు రెట్టింపైంది, ఖర్చు అంతకంటే పెరిగింది, అంకె కదల్లేదు. ట్రాఫిక్ లాంటి బరువైన శబ్దాలకి చేసే సవరణ కలిపితే డబుల్ గ్లాసు ఒక మెట్టు కిందే ఉంటుంది.

కారణం మధ్యలో ఉన్న గాలి. సైకిల్ పంపు మూతి వేలితో మూసి నొక్కి చూడండి. గొట్టం నిండా గాలి ఉన్నప్పుడు పిడి మెత్తగా దిగుతుంది, కొసకి వచ్చేసరికి రాయిలా బిగుస్తుంది. మూసిన గాలి స్ప్రింగే. ఎంత తక్కువ దూరంలో ఇరికిస్తే అంత బిరుసు. రెండు అద్దాలు రెండు బరువులు, మధ్య గాలి స్ప్రింగు. ఇలాంటి అమరికకి సొంత ఊపు ఒకటి ఉంటుంది. ఆ ఊపుకి సరిపోయే శబ్దం వస్తే రెండు అద్దాలూ ఎదురెదురుగా ఊగి, శబ్దాన్ని ఆపాల్సింది పోయి చేతులు పట్టుకుని లోపలికి తీసుకొస్తాయి. ఆ ఊపు కంటే పైన ఉన్న శబ్దాలని మాత్రం రెండు అద్దాలు కలిసి ఒంటి అద్దం కంటే చాలా బాగా ఆపుతాయి. కాబట్టి ఆ ఊపుని వీలైనంత కిందికి, మన పని జరిగే ప్రాంతానికి దూరంగా తోసేయాలి. బరువు పెంచినా కిందికి పోతుంది, ఖాళీ పెంచినా పోతుంది. ఖాళీ పెంచడమే చవక, గాలికి డబ్బు కట్టక్కర్లేదు కదా.

అంకెల్లో చెప్తాను. 6 ఎంఎం అద్దాలు రెండు, మధ్య 12 ఎంఎం అయితే ఆ ఊపు 200 హెర్ట్జ్ దగ్గర. నాకు వేసింది 5 ఎంఎంవి, అక్కడ 220. ఆడ గొంతు మూలస్వరం ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది, మగ గొంతు మూలస్వరం దానికి కింద ఉన్నా దాని బలం అక్కడిదాకా ఉంటుంది, డీజిల్ ఇంజిన్ మోత కూడా అక్కడికి అందుతుంది. నా గొంతు ఉన్న చోటే బస్సు ఎందుకు దూరిందో ఇప్పుడు అర్థమైంది కదా. అవే 6 ఎంఎం అద్దాల్ని 100 ఎంఎం దూరంగా పెడితే ఊపు 69కి దిగిపోతుంది. లోపలి అద్దాన్ని 10 ఎంఎం చేస్తే 62. రెండు అద్దాల మందాలు వేరుగా ఉండటంలో ఇంకో లాభం కూడా ఉంది, ఇందాక చెప్పిన కోయిన్సిడెన్స్ గుంటలు ఒకదాని మీద ఒకటి పడవు. ఒక అద్దం చేతులెత్తేసిన చోట రెండోది కాపలా ఉంటుంది. మామూలు డీజీయూలోనే 6, 6 బదులు 10, 6 వేస్తే ఆ పట్టికలో అంకె 31 నుంచి 35కి పెరుగుతుంది. డీజీయూ తప్పనిసరైతే కనీసం ఈ మాట పట్టుబట్టి వేరువేరు మందాలు వేయించుకోండి.

ఇంతవరకూ వచ్చాక సహజంగా వచ్చే ఆలోచన, మరి మూడు అద్దాలు పెడితే? ఉన్న జాగాలోనే మధ్యలో మూడో అద్దం దూర్చితే ఒక పెద్ద మెత్తటి స్ప్రింగు రెండు చిన్న బిరుసు స్ప్రింగులుగా విడిపోతుంది. ఊపు మళ్ళీ పైకెక్కుతుంది, బరువైన శబ్దాలకి పరిస్థితి చెడుతుంది. ఆ మూడో అద్దం డబ్బుతో ఉన్న రెండిట్లో ఒకదాన్ని మందం చేసుకోవడం ఎప్పుడూ మేలు.

అన్న చివరికి నాతో చేయించింది ఇదే. "ఉన్నది పీకకు. లోపలివైపు ఇంకో కిటికీ పెట్టు. తొమ్మిదంగుళాల గోడ ఊరికే ఉంది కదా" అన్నారు. నిజమే, మన పాత పద్ధతి గోడల్లో కిటికీ బయటి అంచుకి బిగించాక లోపలివైపు అయిదంగుళాల దాకా జాగా మిగులుతుంది. అంతకాలం అందులో పుస్తకాలు, మనీప్లాంట్ సీసా పెట్టుకునేవాణ్ణి. అక్కడ ఓపెనబుల్ యూపీవీసీ ఫ్రేము, అందులో 10.8 ఎంఎం అకౌస్టిక్ లామినేటెడ్ వేయించాను. ఖాళీ 125 ఎంఎం. బయట ఉన్న డీజీయూలోని రెండు పల్చటి అద్దాలూ వాటి సొంత ఊపు కంటే కింద ఒకటే పలకలా కలిసి కదులుతాయి కాబట్టి, ఈ పెద్ద ఖాళీ తాలూకు ఊపు లెక్కకి 48 హెర్ట్జ్ దగ్గరికి వెళ్ళింది. మీరు మొదటినుంచీ చేస్తుంటే బయట డీజీయూ అక్కర్లేదు, 6 లేదా 8 ఎంఎం ఒంటి గ్లాసు ఓపెనబుల్ చాలు. బయట 6, లోపల 10, మధ్యలో 100 ఎంఎం ఉండి సందుల్లేకుండా బిగిస్తే 45 దరిదాపులు అందుకోవచ్చు. ఎండ నేరుగా పడే కిటికీ అయితే బయటిది టఫెన్డ్ చేయించండి, అది పగలకుండా ఉండటానికి.

బిగించడంలో కొన్ని విషయాల దగ్గర మేస్త్రి పక్కనే నిలబడాలి. రెండు ఫ్రేముల్నీ కలుపుతూ చుట్టూ చెక్క పలక కొట్టేస్తారు, చూడ్డానికి నీటుగా ఉంటుందని. అలా కొడితే ఒక అద్దం కదలిక చెక్క మీదుగా నేరుగా రెండోదానికి పోతుంది, మధ్యలో గాలి ఖాళీ వృథా. పలక ఒక ఫ్రేమునే పట్టుకోవాలి, రెండోదానికి ముందు కాస్త సందు వదిలి గుడ్డతో కప్పాలి. ఇంకా మంచిది, ఆ నాలుగు అంచులకీ ఒక అంగుళం గ్లాస్ ఊల్ పెట్టి పైన నల్లటి గుడ్డ బిగించడం. రెండు అద్దాల మధ్య అటూ ఇటూ తిరిగే శబ్దాన్ని అది తాగేస్తుంది, అద్దానికి అడ్డం రాదు. ఫ్రేముకీ గోడకీ మధ్య సందు ఉంటే ఫోమ్ స్ప్రే కొట్టి వదిలేయనివ్వద్దు. ఆ ఫోమ్‌కి బరువే లేదు. సందు లోతుగా ఉంటే సిమెంటుతో మెత్తి, పైన రెండువైపులా సిలికాన్ పట్టించాలి. సిలికాన్‌లో న్యూట్రల్ క్యూర్ అని అడిగి తీసుకోండి, వెనిగర్ వాసన వచ్చే రకం లామినేటెడ్ అంచుల్లోని పొరని, డీజీయూ సీలుని పాడుచేస్తుంది. అద్దం నేరుగా ఫ్రేము మీద కూర్చోకుండా కింద రబ్బరు దిమ్మలుండాలి.

వానాకాలంలో బిగించకపోవడం మంచిది. మధ్యలో ఇరుక్కున్న తేమ తర్వాత అద్దం లోపల మంచులా పట్టి, తుడవడానికి చెయ్యి అందదు. నేను అంచు గుడ్డ వెనకాల సిలికా జెల్ పొట్లాలు పెట్టాను. లోపలి కిటికీ ఓపెనబుల్ చేయించుకోవడానికి కారణం కూడా అదే, ఆరునెలలకోసారి తెరిచి తుడుచుకోవచ్చు, పొట్లాలు మార్చుకోవచ్చు.

కంట్రోల్ రూముకీ రికార్డింగ్ రూముకీ మధ్య ఉండే కిటికీకి కూడా ఇవే సూత్రాలు. రెండు గోడలు విడివిడిగా ఉంటే ఒక్కో గోడకి ఒక్కో అద్దం, రెండూ కలవకూడదు. ఫొటోల్లో ఒక అద్దం ఏటవాలుగా కనిపిస్తుంది కదా, అది శబ్దాన్ని ఆపడానికి అనుకుంటారు. లైట్ల మెరుపు కళ్ళలో పడకుండా, గదిలోని శబ్దం అద్దాన్ని తాకి నేరుగా మైకుకో చెవికో తిరిగి రాకుండా ఉండటానికే అది ముఖ్యంగా. ఆపే శక్తిలో పెద్ద తేడా లేదు, పైగా జాగా తక్కువున్న చోట ఒకవైపు ఖాళీ తగ్గిపోతుంది. ఇంటి కిటికీలో నిటారుగానే పెట్టించుకోండి.

బ్రోచర్లలో ఎస్‌టీసీ 40 అనో ఆర్‌డబ్ల్యూ 42 అనో రాస్తారు. కిటికీ ఎన్ని డెసిబెల్స్ ఆపుతుందో ఒక్క అంకెలో చెప్పే కొలతలివి. ఎస్‌టీసీ 125 హెర్ట్జ్ నుంచి 4000 వరకూ చూస్తుంది, ఆర్‌డబ్ల్యూ 100 నుంచి 3150 వరకూ. అంతకంటే కింద బస్సు, డీజే, జనరేటర్ ఏం చేస్తున్నా ఆ అంకెలోకి రాదు. ఆర్‌డబ్ల్యూ పక్కన సీటీఆర్ అని మైనస్ అంకె ఒకటుంటుంది, అదే ట్రాఫిక్ సవరణ. రోడ్డు పక్క కిటికీకి రెండూ కూడి చూసుకోవాలి. 35 పక్కన మైనస్ 5 ఉంటే మీకు దొరికేది 30. ఇంకో ప్రశ్న తప్పక అడగండి: ఈ అంకె ఒట్టి గ్లాసుదా, ఫ్రేముతో కలిపి మొత్తం కిటికీదా? ల్యాబులో చుట్టూ మూసి పరీక్షించిన అద్దానికి వచ్చిన అంకెని స్లైడింగ్ కిటికీ పక్కన అచ్చువేయడం చాలా చోట్ల చూశాను.

మందపాటి కర్టెన్లు, గోడకి అతికించే స్పాంజి, గుడ్ల అట్టలు, కిటికీకి అంటించే ఫిల్ము, ఇవేవీ బయటి శబ్దాన్ని చెప్పుకోదగ్గట్టు ఆపవు. వీటికి బరువు లేదు. కర్టెన్లు గదిలోపల ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, అది కూడా అవసరమే కానీ అది వేరే పని. కిటికీ అంతా చేశాక ఏసీ పైపు వెళ్ళే రంధ్రం చూసుకోండి, మా ఇంట్లో అది పిడికిలంత ఉంది, ప్లాస్టిక్ మూతతో కప్పి ఉంది. కిటికీకి పెట్టిన డబ్బంతా దాంట్లోంచి పోయేది. గదిని ఇంత బిగించాక గాలి మారదని కూడా గుర్తుంచుకోవాలి. గంటకోసారి తలుపు తెరిచి బయటికి వచ్చి కూర్చుంటే గొంతుకీ మంచిదే.

ఏ గ్లాసూ ఆపలేనిది కూడా ఉంది. వినాయక నిమజ్జనం రోజు ట్రాక్టరు మీద కట్టిన డీజే బాక్సుల దడదడ 40, 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. సరిగ్గా మనం ఊపుని తోసేసిన చోటది. ఇంట్లో చేసుకోగల ఏ కిటికీ దాన్ని ఆపదు, గోడలే వణుకుతాయి. ఆ రోజు రికార్డింగు పెట్టుకోను. నిజంగా వెలుతురు అక్కర్లేదు అనుకుంటే కిటికీని పూర్తిగా మూసేయడమే చవకా, మేలూ. ఇటుకలు కట్టించొచ్చు, అద్దె ఇల్లయితే రెండు పొరల జిప్సమ్ బోర్డు, ప్లైవుడ్ కలిపి అంచులకి రబ్బరుతో ఒక మూత చేయించి బిగించొచ్చు, ఖాళీ చేసేటప్పుడు తీసేయొచ్చు. నేను మాత్రం మూయలేకపోయాను. రోజుకి అయిదారు గంటలు ఒక్కణ్ణే కూర్చుని చదివే గదిలో, పేజీ తిప్పినప్పుడు వేపచెట్టు కనిపించడం నాకు ముఖ్యం. ఆ వెలుతురు కోసమే ఇంత లెక్క.

గ్లాసు దిగిన రోజు ఫిట్ చేయనిచ్చే ముందు రెండు నిమిషాలు తీసుకోండి. అంచుని పక్కనుంచి చూస్తే లామినేటెడ్‌లో మధ్యన సన్నటి పొర గీత కనిపిస్తుంది. లేకపోతే అది ఒంటి గ్లాసే. పొర అకౌస్టిక్ రకమా కాదా కంటికి తెలియదు, కాబట్టి బిల్లు మీద "అకౌస్టిక్ పీవీబీ" అనే మాటా, పొర మందం 0.76 ఎంఎం అనే అంకే రాయించుకోవాలి. నాకు మొదటిసారి వచ్చిన గ్లాసుకి బిల్లు మీద లామినేటెడ్ అని మాత్రమే ఉంది. వెనక్కి పంపించాను, ఇంకో పదిరోజులు పట్టింది. రెండోసారి వచ్చిన నాలుగడుగుల అద్దం నలభై కిలోల దాకా ఉంది, ఇద్దరు కుర్రాళ్ళు మెట్ల మీద మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటూ మోసుకొచ్చారు. బిగించి, సిలికాన్ ఆరనిచ్చి, మూడో రోజు సాయంత్రం ఏసీ, ఫ్యాను ఆపేసి మళ్ళీ అగరుబత్తి వెలిగించాను. పొగ అంచుల వెంట ఎక్కడా వంకర పోకుండా నిటారుగా లేచింది. కిటికీలోంచి చూస్తే వీధి చివర బస్సు ఆగి ఉంది, జనం ఎక్కుతున్నారు.